ముసలి కుక్కకి ముద్ద

మా పల్లెలో ఈమధ్య నాకు కొత్త పేరొచ్చింది. కుక్క మాస్టారు. పిల్లలు చాటుగా అంటారు. నా ఈడు వాళ్ళు మొహం మీదే అంటారు. నాకు కోపం లేదు. మా ఇంట్లో తరతరాలుగా పేరు చివర 'గా' తప్ప ఇంకోటి ఎరగం. 'రు' తగిలించుకున్న మొదటి మనిషిని నేనే. ముందు ఏ మాట ఉన్నా ఆ చివరి 'రు' ఉంది కదా, చాలు.

కానీ ఆ పేరు వెనక ఉన్న ప్రశ్న నవ్వులాట కాదు. మొన్న యూనివర్సిటీలో పీజీ చదివే కుర్రాడొకడు, మా వరసకి తమ్ముడు, మీటింగు నించి వొస్తూ సూటిగానే అడిగాడు. "అన్నా, మన పల్లెలో ముసలోళ్ళు బీపీ మాత్రలకి చేతులు చాపుతున్నారు. నువ్వు నెలకి తొమ్మిదొందలు కుక్కకి పెడతన్నావు. కుక్కల మీద ప్రేమ మనది కాదన్నా. అది మేడల్లో వాళ్ళ ప్రేమ." పక్కనున్నవాళ్ళు తలలూపారు. న్యాయమైన ప్రశ్న. నవ్వి తప్పుకోగలిగిన ప్రశ్న కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాత గుంటూరు జిల్లాలో ప్రకాశం సరిహద్దు. చిలకలూరిపేట దాటి కిందికి పోతే రోడ్డుకి రెండు పక్కలా నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, అక్కడక్కడా పొగాకు. 2022లో జిల్లాల్ని ముక్కలు చేసి కొత్త పేర్లు పెట్టారు గానీ నేల మారలేదు. ఊరికీ మా మాదిగపల్లెకీ మధ్య దూరమూ మారలేదు. మా నాన్న ఒక ఆసామి దగ్గర జీతగాడు. ఏడాది జీతాలు పోయి రోజు కూళ్ళు వొచ్చాక కూడా ఆ ఇంటిని వొదల్లేదు. సంక్రాంతి తర్వాత మిరప కోతలు మొదలైతే కల్లం కావలి ఆయనదే. కోసిన కాయ కల్లంలో పరిచి ఎండాలంటే పది పదిహేను రోజులు పడుతుంది. పగలు ఆడవాళ్ళు తాలుకాయ ఏరతారు, తొడిమలు తీస్తారు. రాత్రి మంచు పడకుండా పట్టాలు కప్పుతారు. ఆ రాత్రుళ్ళు దొంగల భయం. గుంటూరు యార్డులో ధర పెరిగిన ఏడు ఆ భయం ఇంకా పెరుగుతుంది. అందుకని నాన్న. నాన్నకి తోడు టైగర్.

టైగర్ జాతికుక్కేం కాదు. 2011లో కాలవ గట్టున దొరికిన ఊరకుక్క పిల్ల. ఆసామి మనవడు సెలవులకి వొచ్చి ఆ పేరు పెట్టాడు. ఆ ఇంట్లో అందరూ దాన్ని టైగర్ అనే పిలిచేవాళ్ళు, పూర్తి పేరుతో. మా నాన్నని పిలిచేటప్పుడు పేరు సగానికి విరిగి దానికి 'గా' అతుక్కునేది. అప్పటికి నాన్నకి అరవై దగ్గర. పిలిచే మనవడికి పన్నెండు. కుక్కకి అరుగు మీద స్టీలు పళ్ళెం. నాన్నకి గొడ్ల చావిడి చూరులో దోపిన గాజు గ్లాసు. ఆ పళ్ళెం కడిగేది మా అమ్మ. ఎవరో చెప్పింది కాదు, నేను చూసిందే. డిగ్రీ చదువుతూ సెలవులకి వొచ్చినప్పుడు ఆ పళ్ళెం వైపు చూడటం నాకు కష్టంగా ఉండేది.

2017లో ఆసామి పొలం కౌలుకిచ్చి పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ట్రాక్టరు అమ్మాడు, గేదెలు అమ్మాడు. కుక్కని గొలుసుతో సహా వొదిలేశాడు. నాన్నకి ఏమిచ్చాడని అడగొద్దు. పాత మంచం ఒకటి. మూడో రోజు నాన్న వెళ్ళి గొలుసు విప్పి దాన్ని పల్లెకి తీసుకొచ్చాడు. రెండేళ్ళ తర్వాత, 2019లో, నాన్న దగ్గుతోనే పోయాడు. ఏళ్ళ తరబడి మిరప ఘాటు, పత్తికి కొట్టిన పురుగుమందు, రెండూ ఆయన ఊపిరితిత్తుల్లో కాపురం చేశాయి. కుక్క మిగిలింది.

ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. కళ్ళకి తెల్లటి పొర కమ్మింది. పిలిస్తే వినపడదు. నేల మీద కాలితో తడితే ఆ అదురుకి తలెత్తుతుంది. వెనక కాళ్ళు పట్టెయ్యటంతో లేవాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తాలి. ముందు పళ్ళు లేవు. మెత్తగా పిసికిన అన్నం, ఉడకేసిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా. మిరప పండే నేలలో కారం లేని ముద్ద కలపటం మా అమ్మకి మొదట్లో చేత కాలేదు. "ఈ చప్పిడి కూడు ఎట్టా తింటదిరా" అనేది. రాత్రి పూట ఉచ్చ ఆగదు. గోనెపట్టా మార్చకపోతే తుంటి దగ్గర పుండు పడుతుంది. పూటకి రెండుసార్లు పక్క మార్చాలి. నాన్నకీ చివరి నెలల్లో ఇట్టాగే మార్చాం. చేతులకి ఆ పని అలవాటే. పిడుదులు పట్టకుండా చూడాలి, వాటితో వొచ్చే జ్వరం ముసలి కుక్కని లేవనివ్వదు. మనం ఒళ్ళు నొప్పులకి వేసుకునే మాత్రలు దానికి వెయ్యొద్దని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్క కడుపుని, మూత్రపిండాల్ని పాడు చేస్తాయి. ఇది మీ ఇళ్ళల్లోనూ గుర్తు పెట్టుకోండి. చాలామంది ప్రేమతోనే వేసి చంపుకుంటారు.

సరే, తమ్ముడి ప్రశ్నకి వొద్దాం.

కుక్కంటే మనకి చేదు ఉంది. ఆ చేదు ఊరికే రాలేదు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలురు, శ్వపచులు ఊరి బయట ఉండాలి, వాళ్ళ ఆస్తి కుక్కలూ గాడిదలే అని రాసి ఉంది. శ్వపచుడంటే కుక్కని వొండుకునేవాడు. అంటే శాస్త్రంలో మన పేరే కుక్కతో కలిపి పెట్టారు. 1931 ఆగస్టులో బొంబాయిలో గాంధీని కలిసినప్పుడు అంబేద్కర్ అడిగింది కూడా ఇదే కదా. కుక్కల కంటే పిల్లుల కంటే హీనంగా చూసే దేశాన్ని నా దేశం అని ఎట్టా అనుకోమంటారని. 1985లో కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువులో గేదెల కుడితి బకెట్లు కడగొద్దు అన్నందుకే గొడవ మొదలై, జులై 17న ఆరుగురు ప్రాణాలు పోయాయి. ఆ బకెట్టుకున్న పాటి హక్కు మనిషికి లేకపోయింది. 2016 జులైలో గుజరాత్ ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నారని మనవాళ్ళని కారుకి కట్టి కొట్టారు. మరుసటి నెలలో మన అమలాపురంలోనూ అదే పని చేశారు. పశువు మీద కరుణ అనే మాట వినగానే మన వీపు ముందుగా ఉలిక్కిపడటంలో వింత లేదు. ఆ కరుణ మన తలల మీదుగా దూకి పశువు దగ్గరికి పోతుంది. మధ్యలో ఉన్న మనిషి దానికి కనపడడు.

దానికి పురాణ సాక్ష్యం కూడా ఉంది. బళ్ళో ధర్మరాజూ కుక్కా కథ నేనే చెప్పాలి, పిల్లలు అడుగుతారు. దారిలో భార్య పడిపోతే, తమ్ముళ్ళు పడిపోతే, ఒక్కొక్కరి తప్పు ఏమిటో చెప్పి వెనక్కి చూడకుండా నడిచిన ఆయన, కుక్క లేకుండా స్వర్గం వొద్దన్నాడు. వెంటనే ఆ కుక్క యమధర్మరాజైపోయింది. నాకు ఎప్పుడూ ఒకటే అనుమానం. అది కుక్కగానే మిగిలిపోయి ఉంటే? స్వర్గంలో ఎవరు దాని పక్క మార్చేవాళ్ళు? అదే భారతంలో ఇంకో కుక్క ఉంది. దాన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. పాండవులతో వేటకొచ్చిన కుక్క అడవిలో ఏకలవ్యుణ్ణి చూసి మొరిగింది. నల్లటివాడు, ఒళ్ళంతా మట్టి, జింకతోలు కట్టుకున్నవాడు. ఆ ఇంటి కుక్కకి కూడా ఎవర్ని చూసి మొరగాలో తెలుసు. ఆ మొరుగుడుతోనే వాడి విద్య బయటపడింది, బొటనవేలు పోయింది.

టైగర్ కూడా అట్టాంటి కుక్కే. ఇక్కడే నా చిక్కంతా ఉంది.

కల్లం కావలి అంటే ఎవరి నించి కావలి? దొంగలు లారీల్లో వొస్తారేమో గానీ, రోజూ వొచ్చేది మా పల్లె ఆడవాళ్ళే. బస్తాలు ఎత్తాక మట్టిలో రాలిన కాయలు ఏరుకుని, కొట్టుకుని ఏడాది కారం చేసుకునేవాళ్ళు. ఆ రాలుకాయ కూడా ఏరనివ్వొద్దని ఆసామి ఆజ్ఞ. 2014 మార్చిలో మా పిన్నమ్మ, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది, తెల్లారుజామున ఏరుకోటానికి వెళ్తే టైగర్ పిక్క పట్టుకుంది. చేతికి ఇంజక్షన్లు చేయించుకోటానికి కూలి మానుకుని తిరిగింది. ఇదివరకైతే బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచేవాళ్ళు, నా అదృష్టం అని నవ్వేది. ఆసామి రూపాయి ఇవ్వలేదు. ఆ మచ్చ ఇప్పటికీ కాలి మీద అర్ధచంద్రం లాగా ఉంది.

నేను టైగర్‌కి ముద్ద కలుపుతుంటే పిన్నమ్మ ఆ దారిన పోతుంది. ఒకరోజు ఆగింది. "బాగా పెట్టు నాయనా. మమ్మల్ని పీకి పెంచిన కండ" అంది. ఇంకో అడుగు వేసి వెనక్కి తిరిగి, "ఆ పొద్దు మీ అయ్య యాడున్నాడు? నిద్రపోతన్నాడా, ఉసికొలిపాడా?" అంది.

నాకు తెలియదు. నాన్న ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అడగటానికి నాన్న లేడు. ఉసికొలిపి ఉంటాడని అనుకోను. కానీ చీకట్లో కర్ర పట్టుకుని "ఎవుర్రా అది" అని అరిచింది మాత్రం ఆయనే. రాత్రికి 150 రూపాయలకి ఆయన గొంతు ఆసామి గొంతయింది. రెండు పూటల తిండికి కుక్క పళ్ళు ఆసామి పళ్ళయ్యాయి. కాయ మాత్రం ఇద్దరిదీ కాదు.

ఇక్కడి నించే నా ఆలోచన మొదలైంది. పిన్నమ్మ పిక్క మీద మచ్చకి ఎవరు బాధ్యులు? కుక్క అని సరిపెట్టుకుంటే, అదే తర్కంతో మా నాన్న కూడా బాధ్యుడే. ఇద్దరూ ఒకే కొలువు. ఒకే యజమాని. ఒకే రాత్రి. నాన్నని క్షమించి కుక్కని వీధిలో వొదిలెయ్యటం నా వల్ల కాదు. ఇద్దర్నీ తప్పు పట్టి ఆసామిని మాత్రం హైదరాబాదులో హాయిగా ఉండనివ్వటం అంతకంటే నా వల్ల కాదు. మన వీధుల్లో పోలీసు లాఠీ పట్టుకున్నవాడు ఒక్కోసారి మన పల్లెవాడే ఉంటాడు. ఎస్టేటు గేటు దగ్గర మనల్ని ఆపే వాచ్‌మన్ కూడా. వాళ్ళ కొలువునీ వాళ్ళనీ వేరు చేసి చూడటం మన ఉద్యమం నేర్చుకోవలసిన పనే. కొలువు చేసిన హాని హాని కాకుండా పోదు. పిన్నమ్మ నన్ను చూసి మొహం తిప్పుకునే హక్కు ఆమెకి ఎప్పటికీ ఉంటుంది. ఆమె మనసు మార్చుకోవాలని నేను కోరను.

బౌద్ధ జాతక కథల్లో కుక్కుర జాతకం ఒకటుంది. కాశీలో రాజు రథం తోలు పట్టీలు రాత్రి వానకి నానితే కోటలో కుక్కలు కొరికి తినేశాయి. బయటి కుక్కలు తూములోంచి దూరి తిన్నాయని పనివాళ్ళు చెప్పారు. కనపడిన కుక్కనల్లా చంపమన్నాడు రాజు, కోటలోవి తప్ప. శ్మశానంలో ఉండే కుక్కల పెద్ద రాజు దగ్గరికి వెళ్ళి, లోపలివి చేసిన తప్పుకి బయటివాటిని చంపుతున్నావు, ఇదేం న్యాయం అని నిలదీసింది. గడ్డి కలిపిన మజ్జిగ తాగిస్తే కోట కుక్కలు తోలు ముక్కలు కక్కాయి. ఆ శ్మశానం కుక్కే బోధిసత్వుడు. తోలు తీసి, ఊనిచ్చి, పట్టీలు కుట్టిన కులంలో పుట్టినవాడిగా ఈ కథ చదివితే నాకు ఆ బయటి కుక్కలు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మనువు మనల్ని ఊరి బయట కుక్కలతో కలిపి పెట్టాడు. ఈ కథ ఊరి బయటి కుక్కకే న్యాయం అడిగే నోరిచ్చింది. మన వినుకొండలో పుట్టిన జాషువా కూడా 1941లో సందేశం పంపటానికి హంసని పిలవలేదు, గబ్బిలాన్ని పిలిచాడు. గుడిలోకి మనిషికి లేని దారి దానికి ఉంది కాబట్టి.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమంది. పదకొండు రోజుల్లో మార్చి, టీకాలూ ఆపరేషనూ చేసి ఎక్కడివక్కడ వొదలమంది. టీవీల్లో ఒకటే రగడ. కార్లలో తిరిగేవాళ్ళు కుక్కల తరఫున, గేటెడ్ ఇళ్ళవాళ్ళు కుక్కలకి ఎదురుగా. తెల్లారుజామున పత్తి తీతకి నడిచిపోయే ఆడవాళ్ళని, వీధులూడ్చే పనివాళ్ళని, ఆరుబయట పడుకునే పిల్లల్ని ఎవరూ మాట్లాడించలేదు. కాటు ఎక్కువ పడేది వాళ్ళకే. రేబిస్ లక్షణాలు పైకి కనపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టైగర్‌కి ప్రతి ఏడూ టీకా వేయిస్తాను. పల్లెలో మిగతా కుక్కలకి కూడా వేయించమని పంచాయతీలో రెండుసార్లు అర్జీ పెట్టాను. ముద్ద పెట్టటం నా ఇంటి పని. టీకా వేయించటం పల్లె పని. రెండోది లేకుండా మొదటిదాన్ని గొప్పగా చెప్పుకుంటే అది తమ్ముడన్న మేడల ప్రేమే అవుతుంది.

అయితే ఆ తొమ్మిదొందల సంగతేంటి? పల్లెలో మాత్రల్లేని ముసలివాళ్ళ సంగతేంటి?

చెప్తాను. వాళ్ళ మాత్రలు నా తొమ్మిదొందల్లో ఇరుక్కుని లేవు. సబ్‌సెంటర్‌లో ఉండాల్సిన మందు లేకపోవటంలో ఉన్నాయి. అది అడగటానికి నేనూ తమ్ముడూ కలిసే వెళ్ళాం, మళ్ళీ వెళ్తాం. పేదవాడి ముద్దకీ కుక్క ముద్దకీ మధ్య తగువు పెట్టి, గోదాములున్నవాడు పక్కనించి తప్పుకోవటం కొత్త కాదు. అయినా ఆ మాట చెప్పి నేను పూర్తిగా బయటపడలేను. ఎదుటింటి తాతకి ఆకలేస్తుంటే టైగర్‌కి గుడ్డు పెట్టను. అట్టాంటి రోజు వొస్తే గుడ్డు తాతదే. అందులో నాకు డొంకతిరుగుడు లేదు.

దీన్ని నేను ప్రేమ అని కూడా అనటం లేదు. నిజం చెప్పాలంటే టైగర్ అంటే నాకు పెద్ద ప్రేమ లేదు. స్టీలు పళ్ళెం గుర్తొస్తూనే ఉంటుంది. ఇది బకాయి. ఆరేడు ఏళ్ళు ఒక ప్రాణి చలిలో రాత్రుళ్ళు మేలుకుంది. ఆ మిరప అమ్మిన డబ్బుతో ఎవరి పిల్లలో అమెరికా వెళ్ళారు. పని అయిపోగానే గొలుసుతో వొదిలేశారు. మా నాన్నకీ అదే జరిగింది. నేను 2004 సెప్టెంబరు తర్వాత కొలువులో చేరిన టీచర్ని కాబట్టి పాత పింఛను లేదు, సీపీఎస్. అది రద్దు చెయ్యమని ధర్నాలో కూర్చున్నాను. పని చేసినన్నాళ్ళు చేయించుకుని ముసలితనంలో చేతులు దులుపుకోవద్దు, అదీ మా నినాదం సారం. మా అమ్మకి 2024 జులై నించి నెలకి నాలుగు వేలు పింఛను వొస్తోంది. నాన్న దాకా అది రాలేదు. పని చేసినవాళ్ళకి ముసలితనంలో తిండి హక్కు అని బజార్లో అరిచి, ఇంటికొచ్చి నాన్నతోపాటు పని చేసిన కుక్కని తన్నటం కుదరదు కదా. ఆ బకాయి తీర్చాల్సినవాడు నేను కాదు, నిజమే. తీర్చాల్సినవాడు తీర్చడు. ఈలోగా అది చచ్చిపోతుంది.

డాక్టరు మొన్న ఇంకో మాట అన్నాడు. "మాస్టారూ, మరీ బాధపడుతుంటే ఇంజక్షన్ చేసి నిద్రపుచ్చొచ్చు. పాపం కాదు." ఆయన మంచివాడు. కానీ నాన్నని ఇంటికి తీసుకుపొమ్మన్నప్పుడు కూడా ఎవరో ఇంతే మెత్తగా చెప్పారు. మన మనుషుల విషయంలో 'ఇక లాభం లేదు' అనే మాట కాస్త తొందరగా వొస్తుంది. మంచం ఖాళీ అవ్వాలి కదా. అందుకే ఆ మెత్తదనం నన్ను భయపెట్టింది. అట్టా అని ఇంజక్షన్ ఎప్పటికీ వొద్దని ఒట్టు పెట్టుకోలేదు. టైగర్ ఇప్పటికీ ముద్ద వాసనకి తల తిప్పుతోంది. అమ్మ కాలి అదురుకి తోక ఒకసారి నేలకి కొడుతుంది. అది ఆగిపోయి, రాత్రంతా మూలగటమే మిగిలిన రోజున నేనే డాక్టర్ని పిలుస్తాను. నాకు కష్టంగా ఉందని మాత్రం పిలవను. ఎవరి బాధని తగ్గించటానికి పిలుస్తున్నానో నాకు తెలిసి ఉండాలి.

తర్వాతి మాట దాని శవం. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళు మాదిగపల్లెలో పుట్టి ఉండరు.

మా తాత ఊళ్ళో ఏ ఇంట కుక్క చచ్చినా తాడు కట్టి ఈడ్చినవాడు. నేను ఇదివరకు పనిచేసిన ఒక బళ్ళో చింతచెట్టు కింద కుక్క చచ్చి పడుంటే, పెద్ద మాస్టారు ఒకాయన ఏడో తరగతిలో ఇద్దరు పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచాడు. ఇద్దరూ పల్లె పిల్లలే. వీళ్ళే ఎందుకండీ అని అడిగాను. "అలవాటున్నోళ్ళు కదా మాస్టారూ" అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. పిల్లల్ని క్లాసుకి పంపించి, ఆయనకి చట్టం చెప్పాను. 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నించి అమల్లో ఉంది. ఎస్సీ ఎస్టీలతో మనిషి శవాన్ని గానీ పశువు కళేబరాన్ని గానీ మోయించినా, తీయించినా, గోతులు తవ్వించినా నేరం. విద్యార్థులు ఈ సెక్షను నోటికి నేర్చుకోవాలి. ఆయన పంచాయతీకి ఫోన్ చేశాడు. గంటలో మనిషి వొచ్చాడు, తాడు తెచ్చాడు. అతనూ మా పల్లెవాడే. చట్టం చదివిన నేను వరండాలో నిలబడి చూశాను, అతను ఈడ్చుకుపోయాడు.

అందుకని టైగర్‌ని నేనే తీస్తాను. ఎవర్నీ పిలవను. తాత చేసిన పనే, కానీ ఎవరూ ఆజ్ఞాపించకుండా, నా ఇంట్లో చచ్చిన నా ఇంటి ప్రాణి కోసం. పని ఒకటే అయినా రెండూ ఒకటి కాదు.

చోటే లేదు. మాది మూడు సెంట్ల ఇంటిస్థలం. పల్లె శ్మశానం మనుషులకే చాలటం లేదు, ఒక పక్క నించి పత్తిచేను లోపలికి జరుగుతోంది. టైగర్ కాపలా కాసిన కల్లం దొడ్డి ఇప్పుడు ఖాళీగా ఉంది, తుమ్మ మొలిచింది. ఆ మూల మూడడుగుల గొయ్యి తవ్వుకుంటానని కౌలు రైతుని అడిగాను. "నాదేముంది మాస్టారూ, ఆసామిని అడగాల" అన్నాడు. అతనే ఫోన్ చేశాడు. అవతలి నించి వొచ్చిన జవాబు నాకు కూడా వినపడింది. కుక్కకి గొయ్యేంది, వాగులో పారెయ్యమను.

అమ్మకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంటెనక్కి తీసుకెళ్ళి మునగచెట్టు చూపించింది. "దీన్ని కొట్టేస్తే చోటొస్తది. లోతుగా తవ్వు, లేకపోతే నక్కలు లాగుతయ్." చెట్టు నిండా కాయలున్నయ్యి. ఈ కాపు అయ్యేదాకా ఆగుదాం అన్నాను.